మిరపలో ముడత: మందు కొనే ముందు ఆకు తిప్పి చూడండి

మిరప తోటలో ఆకు ముడుచుకోగానే షాపుకెళ్లి "ముడతకు మందివ్వండి" అని అడగడం మామూలే. కారణాలు వేరువేరు కాబట్టి ఆ అడగడంలోనే సగం ఖర్చు వృథా అవుతుంది.

ఆకు అంచులు పైకి లేచి పడవలా కనిపిస్తే పై ముడత. తామర పురుగులు లేత ఆకును గీకి రసం పీల్చడం వల్ల వస్తుంది. పొడి వాతావరణంలో ఉధృతి ఎక్కువ. లీటరు నీటికి ఫిప్రోనిల్ 5 ఎస్‌సీ (డబ్బా మీద ఉండే మందు శాతం, ద్రవ రకం) 2 మి.లీ. లేదా స్పైనోసాడ్ 45 ఎస్‌సీ 0.3 మి.లీ. కలిపి కొట్టండి.

అంచులు కిందికి వంగి, కాడలు సాగి, ఆకు ముదురు ఆకుపచ్చగా ఉంటే కింది ముడత. ఇది తెల్లనల్లి పని. నల్లికి ఎనిమిది కాళ్లు, సాలీడు జాతి. అందుకే దోమకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ దీనిమీద పనిచేయదు. సింథటిక్ పైరిథ్రాయిడ్లు (సైపర్‌మెత్రిన్ లాంటి మందులు) కొడితే మిత్రపురుగులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రా. లేదా స్పైరోమెసిఫెన్ 1 మి.లీ., ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. మండే ఎండలో గంధకం వద్దు, ఆకు మాడుతుంది. రెండు ముడతలూ కలిసి వస్తే డయాఫెంథియురాన్ లీటరుకు 1.5 గ్రా. కొట్టండి.

ఆకు పెద్దగా ముడవలేదు, కానీ పూత రాలిపోతోందా? పువ్వును తెల్ల కాగితం మీద దులపండి. నల్లటి సన్నటి పురుగులు పరుగెడితే నల్ల తామర. 2021లో గుంటూరు, ఖమ్మం వైపు తోటల్ని పీకించింది ఇదే. టెన్షన్‌లో నాలుగు మందులు కలిపి రోజు మార్చి రోజు కొట్టినవాళ్లకి ఖర్చే మిగిలింది. పురుగు పువ్వు లోపల దాక్కుంటుంది, కోశస్థ దశ (రెక్కల పురుగుగా మారే ముందు దశ) నేలలో గడుపుతుంది. అందుకని మందొక్కటే చాలదు. పైరు ఎత్తులో నీలి జిగురు అట్టలు పెట్టండి, గట్ల మీద వయ్యారిభామ కలుపు పీకేయండి, యూరియా తగ్గించండి, వేపనూనె కొట్టండి. రసాయన మందు తప్పనిసరైతే ఒకే గ్రూపుది (పురుగు మీద ఒకే తీరున పనిచేసే మందు) వరసగా వాడొద్దు.

ఆకులు చిన్నవై, పసుపెక్కి, మొక్క గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. దీనికి మందు లేదు, ఎవరైనా ఉందని అమ్మితే నమ్మకండి. తొలి దశలోనే మొక్క పీకి తగలబెట్టండి, పసుపు జిగురు అట్టలు పెట్టండి. వచ్చే ఏడాది చేను చుట్టూ రెండు మూడు వరసలు జొన్నో మొక్కజొన్నో ముందే వేసుకుంటే దోమ రాక కొంత తగ్గుతుంది.