పొగ లేదని ఇంటికి రావద్దు: ఎండ, పొడిగాలి రోజుల్లో నిప్పు జాగ్రత్తలు

పోయిన వారం మా పక్క ఊర్లో ఒక మామిడి తోపు కాలింది. పన్నెండేళ్ల బెంగళూర చెట్లు, నిండా పిందెలు. నిప్పు వచ్చింది గట్టు అవతలి చెరకు చేలోంచి. చెరకు కొట్టేశాక మిగిలిన ఆకును సాయంత్రం పూట తగలబెట్టారు. రాత్రి తొమ్మిదికి మంట తగ్గింది. మిగిలిన చోట్ల మన్ను పోశారు. తెల్లారి ఆ రైతు చేను చుట్టూ తిరిగి కూడా చూశాడు, ఎక్కడా పొగ లేదు. ఇంటికి పోయాడు. పదకొండున్నరకు గాలి లేచింది. ఒంటిగంటకల్లా తోపులో డ్రిప్పు పైపులు కరిగి నేలకు అతుక్కుపోయాయి.

ఇంకొన్నాళ్లు ఎండ, పొడి వాతావరణం, బలమైన గాలులు ఉంటాయని అంచనా. నీళ్లు తాగండి, తలకు గుడ్డ కట్టుకోండి అని నేను చెప్పక్కర్లేదు. చేతులారా కొంపలు ముంచుకునే ఆ ఒక్క తప్పు గురించే చెబుతాను.

అంచనాలో ఏం చూడాలి

అందరం డిగ్రీలు చూస్తాం. నిప్పు సంగతికొస్తే గాలిలో తేమ, గాలి వేగం చూడాలి. అగ్నిమాపక పనిలో ఉన్నవాళ్లకు ఒక మోటు లెక్క ఉంది: వేడి 30 డిగ్రీలు దాటి, తేమ 30 శాతం కన్నా తగ్గి, గాలి గంటకు 30 కిలోమీటర్లు మించితే ఆ రోజు నిప్పు చేతికి చిక్కదు. చిత్తూరు ఎండాకాలంలో 30 డిగ్రీలు పొద్దున్నే దాటేస్తాయి. కాబట్టి మనకు మిగిలినవి ఆ రెండే. తేమ తగ్గితే బోదగడ్డి, ఎండుటాకు గంట రెండు గంటల్లోనే పెళుసెక్కిపోతాయి. తెల్లవారి మంచుకు తడిసి ఉన్నా సరే.

చంద్రగిరి, భాకరాపేట వైపు గుట్టల కింద పొలాలున్నవాళ్లకు ఇంకో మాట. మంట పల్లంలో కన్నా ఎగువకు వేగంగా పోతుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపు. పగటి గాలి కూడా గుట్ట పైకే తోస్తుంది. 2014 మార్చిలో శేషాచలం కొండల్లో మంటలు లేచినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లతో నీళ్లు పోయాల్సి వచ్చింది. మన గట్టు మీది గడ్డి దాటితే ఉండేది ఆ అడవే, ఆ ఎర్రచందనమే.

ఆ ఒక్క తప్పు

పొగ లేదు కాబట్టి ఆరిపోయింది అనుకోవడం. నేను చూసిన ప్రతి తోపూ, ప్రతి వామీ ఇలాగే పోయింది. నిప్పు పెట్టినందుకు కాదు, ఆరిందని నమ్మినందుకు.

రాత్రి చల్లబడితే గాలిలో తేమ పెరుగుతుంది, వీచే గాలి కూడా తగ్గుతుంది. తెల్లవారుజామున ఏ నిప్పైనా అణిగే ఉంటుంది. మనం చూసేది సరిగ్గా అప్పుడు. బూడిద దుప్పటిలా వేడిని లోపల దాస్తుంది. పైన పోసిన మన్నూ అంతే. పాత మొద్దులు, ఎండిన వేళ్లు, ఎరువుదిబ్బలు లోపల్లోపల రోజుల తరబడి కుములుతాయి. నివురుగప్పిన నిప్పు అనే మాట మనందరి నోట్లోనూ ఉంది, చేలోకి పోతే మాత్రం గుర్తుండదు.

కాబట్టి మన్ను పోసి వదలొద్దు. నీళ్లు పోయండి, పారతో తిరగేయండి, మళ్లీ నీళ్లు పోయండి. చేతి వెనక భాగం బూడిదకు దగ్గరగా పెట్టి చూడండి. సెగ తగిలితే ఇంకా ఉన్నట్టే. మరుసటి రోజు మధ్యాహ్నం పన్నెండుకు, గాలి లేచే వేళకు, అక్కడ మనిషి ఉండాలి. తెల్లారి చూసినది లెక్కలోకి రాదు.

అసలు ఈ రోజుల్లో ఆకు కాల్చకపోవడమే మేలు. సాళ్ల మధ్య పరిస్తే నేలలో తడి నిలుస్తుంది. అయితే గట్టు పొడవునా నాలుగైదు బారల వెడల్పున నేల శుభ్రంగా దున్ని ఉంచాలి.

ఇక మిగిలినవి:

గాలి లేచిన రోజు అగ్గిపెట్టె చేనికి తేవద్దు.

గట్టు మీద గడ్డికి నిప్పు పెట్టొద్దు, కోయండి.

ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎండుగడ్డి పీకేయండి. వేలాడే తీగలు గాలికి ఒకదానికొకటి తగిలితే రాలేది నిప్పే. తీగలను మీరు ముట్టుకోవద్దు, కరెంటువాళ్ల నంబరు 1912కు చెప్పండి.

గానుగ దగ్గర పిప్పి కుప్ప పొయ్యికి గాలివాటున ఉండకూడదు. పొయ్యి బూడిద వేడిగా దిబ్బలో పోయొద్దు.

కోనల్లో, గుడుల దగ్గర పొంగలి పెట్టుకున్నాక రాళ్ల మధ్య నిప్పును నీళ్లతో చంపండి. తలకోనకు పోయినా అంతే. అడవికి నిప్పంటితే అది 1967 అటవీ చట్టం కింద నేరం కూడా.

మంట చూసిన వెంటనే 101. ముందు ఫోను, తర్వాతే కొమ్మలతో కొట్టడం.

మంటకు ఎదురుగా నిలబడొద్దు. గుట్ట పైకి పరిగెత్తొద్దు. పక్కకు రండి, వీలైతే కాలిపోయిన నేల మీదికి రండి.

నైలాను చీర, పాలిస్టరు చొక్కా వేసుకుని ఆర్పడానికి పోవద్దు. ఒంటికి కరిగి అంటుకుంటాయి.

పశువుల పలుపులు విప్పే టైము లేకపోతే కోసేయండి.

మాను కాలిన చెట్టు పచ్చగానే ఉందని ధైర్యపడొద్దు. బెరడు కింద చచ్చి ఉంటే నెలల తర్వాత ఎండుతుంది.

పొగ లేదని ఇంటికి రావద్దు. మళ్లీ చెబుతున్నా, పొగ లేదని ఇంటికి రావద్దు.

నిన్నో మొన్నో ఏదైనా కాల్చినవాళ్లు చదవడం ఇక్కడ ఆపి, ఒక బిందె నీళ్లు, ఒక పార తీసుకుని పోయి ఆ బూడిద తిరగేసి రండి.