ఊరి శబ్దాల రికార్డింగ్ – పాఠం 4: రెండు గీతలుంటే స్టీరియో అయిపోదు

పోయిన పాఠం చివర మీకొక పని ఇచ్చాను. మైకును స్టాండు మీద పెట్టి, రికార్డింగ్ మొదలుపెట్టి, తాళంచెవుల గుత్తి ఆడిస్తూ దాని ముందు ఎడమ నుంచి కుడికి నడవమన్నాను. పదిహేడు ఫైళ్లు వచ్చాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కొక్కటీ రెండేసి సార్లు విన్నాను. పదకొండింట్లో తాళాలు ఎటూ నడవలేదు. మొదటి నుంచి చివరిదాకా నా నుదుటి మధ్యలోనే గలగలమన్నాయి. పంపినవాళ్లందరూ మాత్రం ‘స్టీరియోలోనే చేశాను’ అని రాశారు.

పొరపాటు నాది. బ్యాటరీతోనో బయటి కరెంటుతోనో నడిచే కండెన్సర్ మైకు లోపలి సంగతంతా మూడో పాఠంలో వివరంగా రాసి, స్టీరియో అంటే మీకు తెలిసిందే కదా అని దాటేశాను. ఈ పాఠం మైకు ఎంచుకోవడం గురించి. కానీ ఈ తాళాల లెక్క తేలకుండా ఎంత మంచి మైకు కొన్నా డబ్బు దండగ. అందుకని ముందు అదే.

రెండు గీతల సంగతి

మహబూబ్‌నగర్ నుంచి ఒకాయన ఫైలుతో పాటు స్క్రీన్‌షాట్ కూడా పంపారు. ‘సార్, పైన ఒక గీత, కింద ఒక గీత కనపడుతున్నాయి. స్టీరియో కాకపోతే రెండెందుకు వస్తాయి?’ అని అడిగారు. ఈ పాఠాలు మొదలుపెట్టినప్పటి నుంచి ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంది. ఈసారి పూర్తిగా చెప్తాను.

ఒకే కాగితాన్ని జిరాక్స్ తీసి రెండు ఫైళ్లలో పెడితే కాగితాలు రెండవుతాయి, విషయం ఒకటే ఉంటుంది. మీరు పంపిన ఎక్కువ రికార్డింగుల్లో జరిగింది ఇదే. మైకు ఒక్కటే విన్నది. యాప్ దాన్నే ఎడమ వైపు ఒకసారి, కుడి వైపు ఒకసారి రాసిపెట్టింది. స్టీరియో అంటే ఆ రెండు గీతలూ ఒకేలా ఉండకూడదు. ఎడమ నుంచి వచ్చిన చప్పుడు ఎడమ గీతలో కాస్త గట్టిగానో, వెంట్రుకవాసి ముందుగానో పడాలి. ఆ తేడాను బట్టే చెవి దిక్కు గుర్తుపడుతుంది. తేడా లేకపోతే దిక్కు లేదు.

అనుమానం ఉంటే ఇలా పరీక్షించండి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరవండి. ట్రాక్ పేరు దగ్గరున్న మెనూలో స్టీరియో ట్రాకును రెండు మోనో (ఒంటి గీత) ట్రాకులుగా విడగొట్టే ఆప్షన్ ఉంటుంది. విడగొట్టండి. కింది ట్రాకును మాత్రమే సెలెక్ట్ చేసి ఎఫెక్ట్ మెనూలో ఇన్వర్ట్ నొక్కండి. గీత తలకిందులవుతుంది. ఇప్పుడు రెండూ కలిపి ప్లే చేయండి. ఏమీ వినపడలేదంటే రెండూ ఒకే గీత, ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, మీది మోనో. తాళాల చప్పుడు ఎంతో కొంత మిగిలిందంటే అది మీ స్టీరియో. రెండు నిమిషాల పని. ఏ మైకు కొన్నా, ఎవరి దగ్గర అడిగి తెచ్చుకున్నా, ముందు ఈ పరీక్ష చేయకుండా నేను జాతరకి బయల్దేరను.

మోనో ఎందుకైందో కూడా చూడండి. మైకు పిన్ను మీద రెండు నల్ల గీతలుంటే చాలామంది స్టీరియో మైకు అనుకుంటున్నారు. ఆ పిన్ను స్టీరియో పిన్నే, కానీ వెనక ఒక్క క్యాప్సూలే (మైకులో శబ్దాన్ని పట్టే భాగం) ఉండొచ్చు. జాలీలోంచి టార్చి వేసి చూడండి. లోపల రెండు క్యాప్సూల్స్ కనపడాలి. కొన్నింట్లో మూడు ఉంటాయి. ఫోన్ ఇయర్‌ఫోన్ జాక్ సంగతి ఇంకొకటి. అందులో ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి, గ్రౌండుకి ఒకటి పోగా మైకుకి మిగిలేది ఒక్క కనెక్షనే. ఎంత ఖరీదైన స్టీరియో మైకు తెచ్చి దానికి గుచ్చినా ఫోన్ తీసుకునేది ఒక్క చెవి మాత్రమే. ఫోనుతోనే చేయాలంటే చార్జింగ్ పిన్నుకి పెట్టే డిజిటల్ స్టీరియో మైకు కావాలి, యాప్ సెట్టింగుల్లో స్టీరియో ఆన్ చేసి ఉండాలి.

ఇక దేవరకొండ నుంచి వచ్చిన ఫైలు. దాని గురించి రెండు రాత్రులు ఆలోచించాను. అది పంపిన తమ్ముడు వాళ్లూరి భజన గంటన్నర రికార్డు చేశాడు. ‘అన్నా, ఇయర్‌ఫోన్ల ఇంటె మస్తుగ ఉంది. ఫోన్ స్పీకర్ల పెడితె ఏం ఇనొస్తలేదు. ఫైలు ఖరాబైందా?’ అన్నాడు. ఫైలు ఖరాబు కాలేదు, కేబుల్ తప్పు. అతనిది బ్యాటరీతో నడిచే మోనో కండెన్సర్, మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ మైకు. అలాంటి మైకు ఒకే శబ్దాన్ని రెండు తీగల మీద పంపుతుంది, ఒకదాని మీద నిలువుగా, రెండోదాని మీద తలకిందులుగా. దారిలో చేరిన కరెంటు రొద పోవడానికి ఆ ఏర్పాటు. దాన్ని 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్నుకి మార్చే కేబుల్ తెచ్చి కెమెరాకి పెట్టాడు. నిలువుది ఎడమకి పోయింది, తలకిందులది కుడికి పోయింది. ఇయర్‌ఫోన్లలో అది విచిత్రంగా వెడల్పుగా వినపడుతుంది, అందుకే మస్తుగ ఉందనిపించింది. ఒకే స్పీకరున్న ఫోన్ ఆ రెండింటినీ కలిపేసరికి, పైన మనం కావాలని చేసిన ఇన్వర్ట్ పరీక్ష దానంతటదే జరిగిపోయింది. తమ్ముడూ, టెన్షన్ పడకు. ట్రాకును విడగొట్టి, కుడిది తీసేసి, ఎడమది ఉంచుకో. భజన మొత్తం అలాగే ఉంది, మోనోలో.

ఇప్పుడు కొనే సంగతి

మీరు ఏం రికార్డు చేస్తారో చెప్పకుండా ‘ఏ మైకు మంచిది’ అని అడిగితే నేను జవాబు చెప్పలేను. మా వైపు శబ్దాల్లో నేను ఎక్కువగా వెంటపడే రెండింటినీ పక్కపక్కన పెడతాను: కిన్నెర, బతుకమ్మ.

కిన్నెర చాలా మెత్తగా మాట్లాడే వాయిద్యం. పన్నెండు మెట్ల కిన్నెరను నాగర్‌కర్నూల్ జిల్లా మొగిలయ్య గారి వల్ల దేశమంతా చూసింది, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. టీవీలో, స్టేజీ మీద విన్నవాళ్లకు అది ఎంత చిన్న గొంతో తెలియదు. లింగాల వైపు ఒక పెద్దాయన ఇంట్లో నేను మొదటిసారి దాన్ని రికార్డు చేసినప్పుడు, మైకుకీ సొరబుర్రలకీ మధ్య రెండడుగులు ఉంది. ఆయన తీగ మీటి, అది ఆరిపోయేదాకా ఆగి, మళ్లీ మీటేవాడు. ఆ ఆగిన చోట తీగ చివరి వణుకు, వేలు మెట్టు మీద జరిగే చిన్న గీపు వినపడతాయి. ఇంటికొచ్చి వింటే సరిగ్గా ఆ చోట్లలోనే ‘స్స్’ మని ఇసుక రాలుతున్నట్టు ఒక చప్పుడు. గదిలో ఫ్యాన్ కూడా లేదు. అది మైకు సొంత చప్పుడు.

దాన్ని సెల్ఫ్ నాయిస్ అంటారు. మైకు పెట్టె మీదో, కంపెనీ కాగితంలోనో డెసిబెల్స్‌లో రాసి ఉంటుంది. చిన్న అంకె మంచిది. రోడ్ కంపెనీ ఎన్‌టీ1-ఏ మోనో మైకుది 5, అదే కంపెనీ స్టీరియో మైకు ఎన్‌టీ4ది 16, ఆడియో-టెక్నికా బీపీ4025 స్టీరియో మైకుది 14. కొందరు ఈ అంకె ఇవ్వకుండా సిగ్నల్-టు-నాయిస్ రేషియో (అసలు శబ్దానికీ రొదకీ మధ్య తేడా) ఇస్తారు. దాన్ని 94లోంచి తీసేస్తే మీకు కావాల్సింది వస్తుంది. 78 అని రాసి ఉంటే సెల్ఫ్ నాయిస్ 16. రెండూ రాయని మైకును నేను ముట్టుకోను. కిన్నెరకి, నల్లమలలో తెల్లవారుజాము అడవికి, రాత్రి కీచురాళ్ల వెనక దూరంగా వినపడే ఏ శబ్దానికైనా 15 లోపు చూసుకోండి. మైకు ఎంత నిశ్శబ్దంగా ఉన్నా రికార్డర్‌లోని ప్రీయాంప్ (మైకు నుంచి వచ్చిన శబ్దాన్ని పెంచే భాగం) రొద పెడితే లాభం లేదు, అది కూడా చూడాలి.

డప్పుకి ఈ గొడవే లేదు. మంటకి కాచిన డప్పు మీద సిర్ర, సిటికెన పుల్ల పడుతుంటే సెల్ఫ్ నాయిస్ 25 అయినా ఎవరికీ తెలియదు. అక్కడ మైకు ఎంత గట్టి శబ్దాన్ని తట్టుకుంటుందో చూడాలి, 130 డెసిబెల్స్ పైన ఉంటే మంచిది. దాంతో పాటు నాలుగు గజాలు వెనక్కి జరగాలి. రికార్డర్‌లో దెబ్బ పడినప్పుడు మీటర్ మైనస్ 12 దగ్గర ఆగేలా గెయిన్ (శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలనే మీట) తగ్గించుకోండి.

బతుకమ్మ స్టీరియో కోసమే పుట్టిందా అనిపిస్తుంది. పాట ఎత్తుకున్న ఆమె గొంతు ఎడమ నుంచి వస్తుంది, ముందు నుంచి పోతుంది, కుడి నుంచి అవతలికి తిరుగుతుంది, మళ్లీ వస్తుంది. ఆ వెనక చప్పట్లు. చప్పట్ల దగ్గరే చవక మైకుల గుట్టు బయటపడుతుంది. అయినా ఇక్కడ మైకు నాణ్యత కంటే రెండు క్యాప్సూల్స్ ఎలా నిలబడ్డాయన్నది ముఖ్యం.

రెండూ ఒకేచోట, ఒకదాని మీద ఒకటి ఉండి 90 డిగ్రీల కోణంలో ఎడమకీ కుడికీ చూస్తే అది ఎక్స్-వై. జూమ్ హెచ్5 రికార్డర్ మీద కనపడే రెండు కొమ్ములు అవే. శబ్దం రెండింటికీ ఒకేసారి చేరుతుంది, తేడా గట్టితనంలో మాత్రమే. అందుకే మోనో స్పీకర్లో కలిపినా ఏదీ మాయం కాదు. రెండు విడి మైకులను 17 సెంటీమీటర్ల దూరంలో, 110 డిగ్రీల కోణంలో పెడితే అది ఓఆర్‌టీఎఫ్. ఫ్రాన్స్ ప్రభుత్వ రేడియో, టీవీ సంస్థ పేరు దానికి స్థిరపడింది. పక్క నుంచి వచ్చే చప్పుడు ఒక మైకుకి రెండోదాని కంటే సెకనులో దాదాపు రెండు వేలో వంతు ముందు చేరుతుంది. చిన్న తేడాయే కానీ, కళ్లు మూసుకుంటే మీరు అక్కడే నిలబడ్డట్టు ఉంటుంది. నల్గొండ పక్కన పానగల్లు గుడి లాంటి రాతి మండపాల్లో పాట ఆగాక శబ్దం స్తంభాల మధ్య తిరుగుతుంది చూడండి, దానికి ఓఆర్‌టీఎఫ్‌ను మించింది నేను వినలేదు. మూడోది మిడ్-సైడ్. ముందుకి చూసే క్యాప్సూల్ ఒకటి, పక్కలకి వినేది ఒకటి. వెడల్పు ఎంత కావాలో తర్వాత ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు. షూర్ వీపీ88 ఈ రకం. దానికి వేరే పాఠం కావాలి.

ఒక్కటే కొనగలిగితే ఒకే ఒంట్లో రెండు క్యాప్సూల్స్ ఉన్న ఎక్స్-వై స్టీరియో కండెన్సర్ కొనండి. ఇది నా ఇష్టమని కూడా అనుకోవచ్చు, కానీ కారణముంది. మన రికార్డింగులు చివరికి చేరేది పాడినవాళ్ల ఫోన్లలోకే. చాలావరకు ఆ ఫోన్లకు ఒకే స్పీకరు ఉంటుంది. పాడిన అమ్మ తన గొంతు తాను వినలేకపోతే మన స్టీరియో ఎవరికోసం? పైగా ఒకే స్టాండు చాలు, ఒక చేత్తో పట్టుకుని జనంలో నడవొచ్చు. ఎన్‌టీ4 ఇలాంటిదే. 9 వోల్టుల బ్యాటరీతోనూ నడుస్తుంది, రికార్డర్ ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తోనూ నడుస్తుంది. ఆడియో-టెక్నికా ఏటీ2022 పెన్సిల్ బ్యాటరీతో నడుస్తుంది, కోణం 90కీ 120కీ మార్చుకోవచ్చు. ఫాంటమ్ మాత్రమే తీసుకునే మైకు కొంటే మీ రికార్డర్ దాన్ని ఇవ్వగలదో లేదో ముందే చూసుకోండి. 3.5 పిన్ను దగ్గర వచ్చే చిన్న కరెంటు, ఆ 48 వోల్టులు ఒకటి కావు.

బతుకమ్మకి దాన్ని వలయం మధ్యలో పెట్టకండి. వెనక తిరిగేవాళ్ల గొంతులు మూసుకుపోతాయి. బయట, మూడు నాలుగు మీటర్ల దూరంలో, తలల కంటే ఎత్తుగా పెట్టి కాస్త కిందికి వంచండి.

గాలి గురించి: స్పాంజి తొడుగు ఇంట్లో పనికొస్తుంది. పానగల్లు దగ్గరి ఉదయ సముద్రం చెరువు కట్ట మీద అది ఉన్నా లేనట్టే. బూరు తొడుగు మైకుతో పాటే కొనండి. మోటార్ల గురించి కూడా. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఉంది కాబట్టి అర్ధరాత్రి కూడా ఏదో ఒక బోరు నడుస్తూనే ఉంటుంది. మైకు మీదున్న లోకట్ మీటతో ఆ ‘హూమ్’ పోతుందనుకోకండి. ఆ మీట సాధారణంగా 80 హెర్ట్జ్ కింది బొంగురు శబ్దాలను కోస్తుంది. మోటారు రొద 100, 150 దగ్గర కూడా ఉంటుంది. చోటు మార్చుకోవడమే దారి. వానాకాలం అడవిలో కండెన్సర్ చిటపటలాడితే చెమ్మ పట్టిందని అర్థం. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి రాత్రంతా ఉంచండి.

ఈ పాఠానికి పని

ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. మీ ఊరి చెరువు కట్ట మీదికి తెల్లవారక ముందు నాలుగున్నరకి చేరుకోండి. మైకు స్టాండు మీద పెట్టి, దాని వెనకే కూర్చుని, నలభై నిమిషాలు కదలకుండా, ఫోన్ చూడకుండా వినండి. ఒళ్లో కాగితం పెట్టుకుని, ఏ చప్పుడు ఏ వైపు నుంచి, ఎంత దూరం నుంచి వచ్చిందో టైముతో సహా రాయండి. నెమలి, బస్సు, గుడి మైకు, ఎవరో దగ్గడం, అన్నీ. ఇంటికొచ్చి ఇయర్‌ఫోన్లలో వింటూ ఆ కాగితంతో సరిచూడండి. మీరు ఎడమ అని రాసింది మధ్యలో వినపడితే కోణం చాల్లేదు. మీరు రాసినది అసలు వినపడకపోతే సెల్ఫ్ నాయిస్ దాన్ని ముంచేసింది. కాగితం ఫోటో కూడా నాకు కావాలి.

ఫైలును వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. స్పీకర్ దగ్గర ఫోన్ పెట్టి వాయిస్ మెసేజ్ చేస్తే అది మోనోగానే వస్తుంది. పోయినసారి ఇద్దరు అలాగే పంపారు. ఆ ఇద్దరి మైకుల్లో ఏ తప్పూ లేదు, మళ్లీ పంపండి.