తక్కువ పవర్‌లోనూ వేడెక్కే ఆర్‌ఎఫ్ యాంప్లిఫయర్: సమస్య - పరిష్కారం

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటిన తరువాత ఉద్దానం పల్లెలు చాలా రోజులు కరెంటు లేకుండా గడిపాయి. అటువంటి రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరంలో హామ్ రేడియో (లైసెన్సు ఉన్న ఔత్సాహికుల రేడియో) స్టేషను నడపవలసి వస్తే అది బ్యాటరీ మీదే నడవాలి. అందుకని 100 వాట్ల సెట్టును 25 వాట్లకు తగ్గించి వాడతారు. పవర్ నాలుగో వంతుకు తగ్గినా బ్యాటరీ నాలుగు రెట్ల కాలం రాదు, రెండు రెట్లు రావడమే కష్టం. రేడియో సిగ్నల్ పవర్‌ను పెంచే ఆర్‌ఎఫ్ యాంప్లిఫయర్ దక్షతను, అంటే బ్యాటరీ నుంచి తీసుకున్న పవర్‌లో ఎంత శాతం సిగ్నల్‌గా బయటికి వస్తుందో దాన్ని, పూర్తి పవర్‌లో ఒక్కచోటే చూసి తృప్తి పడకూడదని, మనం నిజంగా ఎక్కువసేపు వాడే పవర్ దగ్గర చూడాలని నా గట్టి అభిప్రాయం.

ఏదైనా విప్పే ముందు కొలవాలి. యాంటెన్నాకు బదులు 50 ఓముల డమ్మీ లోడు (పవర్‌ను వేడిగా మార్చే నిరోధం) తగిలించి, 100, 50, 25, 10 వాట్ల దగ్గర యాంప్లిఫయర్ తీసుకునే కరెంటును, దాని టెర్మినళ్ల దగ్గరి వోల్టేజీని రాసుకోవాలి. వోల్టేజీని బ్యాటరీ దగ్గర కొలిస్తే తీగల్లో, ఫ్యూజులో పోయే నష్టం యాంప్లిఫయర్ ఖాతాలో పడిపోతుంది. 20 ఆంపియర్ల దగ్గర 0.02 ఓముల నిరోధం కూడా 8 వాట్లను వేడిగా మార్చేస్తుంది.

సమస్య 1: పూర్తి పవర్‌లో పనితీరు బాగానే ఉంటుంది, పవర్ తగ్గిస్తే కరెంటు అంతగా తగ్గదు

కారణం యాంప్లిఫయర్ స్వభావంలోనే ఉంది. క్లాస్ బి (ట్రాన్సిస్టరు తరంగంలో సగభాగమే కరెంటు పంపే) యాంప్లిఫయర్ దక్షత సిద్ధాంతరీత్యా గరిష్ఠంగా 78.5 శాతం, అదీ డ్రెయిన్ (మాస్‌ఫెట్ ట్రాన్సిస్టరు అవుట్‌పుట్ కాలు) వోల్టేజీ పూర్తిగా ఊగినప్పుడే. అవుట్‌పుట్‌ను నాలుగో వంతుకు, అంటే 6 డెసిబెళ్లు తగ్గిస్తే ఆ ఊపు సగమవుతుంది, కరెంటూ సగమే అవుతుంది, సప్లై వోల్టేజీ మాత్రం మారదు కాబట్టి దక్షత కూడా సగానికి పడిపోతుంది. 13.8 వోల్టుల మీద 20 ఆంపియర్లు తీసుకుని 100 వాట్లు ఇచ్చే సెట్టు దక్షత 36 శాతం అనుకుంటే, 25 వాట్ల దగ్గర అది 10 ఆంపియర్లు తీసుకుంటుంది, దక్షత 18 శాతం. అప్పుడు 113 వాట్లు వేడిగా మారి హీట్‌సింక్‌లోకి (వేడిని గాలికి వదిలే లోహపు రెక్కల్లోకి) పోతాయి. తరంగమంతటా కరెంటు పంపే క్లాస్ ఎ పరిస్థితి ఇంకా అధ్వానం: 6 డెసిబెళ్ల కింద 50 శాతం కాస్తా 12.5 శాతానికి దిగుతుంది.

పరిష్కారానికి రెండు దారులున్నాయి: లోడును మార్చడం, లేదా సప్లైని మార్చడం.

లోడు సంగతి ముందు చూద్దాం. రెండు ట్రాన్సిస్టర్లు వంతులవారీగా పనిచేసే పుష్-పుల్ యాంప్లిఫయర్‌లో రెండు డ్రెయిన్ల మధ్య ఉండవలసిన నిరోధం, సప్లై వోల్టేజీ వర్గాన్ని రెట్టింపు చేసి పవర్‌తో భాగిస్తే వస్తుంది. 13.8 వోల్టులకు, 100 వాట్లకు అది 3.8 ఓములు, 25 వాట్లకు 15.2 ఓములు. 1:4 చుట్ల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ 50 ఓములను సుమారు 3.1 ఓములుగా చూపిస్తుంది, ట్రాన్సిస్టర్లలో పోయే వోల్టేజీని తీసేస్తే 100 వాట్లకు అది సరిపోతుంది. 1:2 చుట్లతో 12.5 ఓములు వస్తాయి, అది 25 వాట్లకు తగినది. స్టేషను ఎప్పుడూ 25 వాట్లలోనే నడిచేటట్లయితే ట్రాన్స్‌ఫార్మర్‌ను మార్చడమే ఉత్తమం, ఎందుకంటే లెక్క ప్రకారం 10 ఆంపియర్ల చోట 5 ఆంపియర్లే చాలు. అయితే ఆ తరువాత డ్రైవ్ (ఇన్‌పుట్ సిగ్నల్) పెంచి ఎక్కువ పవర్ రాబట్టాలని చూస్తే సిగ్నల్ తల తెగి పక్క స్టేషన్ల మీద పడుతుంది. ఏఎల్‌సీని (పవర్ హద్దు దాటకుండా డ్రైవ్‌ను తగ్గించే ఏర్పాటును) 25 వాట్లకు కట్టడి చేయడం తప్పనిసరి.

రెండు పవర్లూ కావాలంటే సప్లైని మార్చాలి. స్టెప్-డౌన్ కన్వర్టర్‌తో డ్రెయిన్ వోల్టేజీని సుమారు సగానికి దించితే, కన్వర్టర్‌లో పదో వంతు నష్టపోయినా, 25 వాట్ల దగ్గర బ్యాటరీ నుంచి 138 వాట్ల బదులు 77 వాట్లు చాలు. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. వోల్టేజీ తగ్గేకొద్దీ మాస్‌ఫెట్ లోపలి కెపాసిటెన్స్ పెరిగి గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ విలువ) పడిపోతుంది కాబట్టి మరీ కిందికి దించకూడదు, గేటు బయాస్‌ను (ట్రాన్సిస్టరు ఇన్‌పుట్ కాలుకు ఇచ్చే స్థిర వోల్టేజీని) వేరే రెగ్యులేటర్ నుంచే ఇవ్వాలి. కన్వర్టర్ రొద రిసీవర్‌లో వినిపిస్తుంది కాబట్టి, వినే సమయంలో దాన్ని ఆపివేసే ఏర్పాటు కూడా ఉండాలి.

ఎఫ్‌ఎం మాత్రమే వాడేవారికి ఇంత శ్రమ అక్కరలేదు. ఎఫ్‌ఎం సిగ్నల్ ఎత్తు మారదు కనుక క్లాస్ సి (తరంగంలో సగం కంటే తక్కువసేపే కరెంటు పంపే) యాంప్లిఫయర్‌ను నిండుగా నడిపి, పవర్‌ను సప్లై వోల్టేజీతోనే తగ్గించుకోవచ్చు.

సమస్య 2: మాట్లాడకపోయినా కరెంటు పోతూనే ఉంటుంది, వేడెక్కేకొద్దీ పెరుగుతుంది

ఎస్‌ఎస్‌బీలో (మాట ఉన్నప్పుడే సిగ్నల్ పంపే పద్ధతిలో) మైకు నొక్కి మౌనంగా ఉండి కరెంటు చూడండి. అది తయారీదారు చెప్పిన విలువను మించితే బయాస్ ఎక్కువైందని అర్థం. వేడెక్కినప్పుడు ఈ బయాస్ దగ్గర మాస్‌ఫెట్ ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, ఆ కరెంటు మళ్లీ వేడిని పెంచుతుంది. మే నెల ఎండలో రేకుల గదిలో ఇది అదుపు తప్పవచ్చు. బయాస్‌ను సరిచేసే డయోడు లేదా థర్మిస్టరు హీట్‌సింక్‌కు గట్టిగా ఆని ఉందో లేదో చూడండి, చాలాసార్లు లోపం అక్కడే దొరుకుతుంది. ఆ తరువాత యాంప్లిఫయర్ బాగా వేడెక్కిన స్థితిలో బయాస్‌ను తగ్గించండి. మరీ తగ్గిస్తే మాట గరగరలాడుతుంది, కాబట్టి రెండు టోన్ల పరీక్షతో (రెండు స్వరాలు ఒకేసారి ఇచ్చి సిగ్నల్ చెడుతోందేమో చూసే పరీక్షతో) సరిచూసుకోవాలి.

సమస్య 3: డమ్మీ లోడు మీద దక్షత బాగుంటుంది, యాంటెన్నా మీద పడిపోతుంది

కళింగపట్నం, భావనపాడు, పూసపాటిరేగ వంటి తీర ప్రాంతాల్లో ముందుగా అనుమానించవలసింది ఉప్పుగాలిని. యాంటెన్నా వైపు పీఎల్-259 కనెక్టరు విప్పితే లోపల పచ్చని పొడి, కోయాక్సియల్ కేబుల్ జాకెట్టును రెండంగుళాలు కోస్తే నల్లబడిన రాగి జల్లెడ కనిపిస్తాయి. దీనివల్ల ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ యాంటెన్నా వైపు నుంచి ఎంత వెనక్కి వస్తుందో చూపే కొలత) పెరిగి, ట్రాన్సిస్టరుకు కనిపించే లోడు లెక్కించిన దానికంటే మారిపోతుంది. మొదటి సమస్యకు మనం చేసిన మార్పంతా వృథా అవుతుంది. నల్లబడిన భాగం మీద టంకం పట్టదు, శుభ్రం చేసి వాడాలని చూడకుండా మెరిసే రాగి కనిపించేవరకు కేబుల్‌ను కోసి, కొత్త కనెక్టరు వేసి, దాని మీద స్వీయ అతుకు రబ్బరు టేపు చుట్టాలి.

సమస్య 4: డోహర్టీ యాంప్లిఫయర్ కట్టినా మధ్యస్థాయిలో లాభం కనిపించదు

1936లో బెల్ ల్యాబ్స్‌లో విలియం డోహర్టీ రూపొందించిన ఈ పద్ధతిలో ప్రధాన యాంప్లిఫయర్ 6 డెసిబెళ్ల కిందే నిండుగా పనిచేస్తుంది, ఆ పైన పీకింగ్ (శిఖరాల దగ్గర మాత్రమే సాయం చేసే) యాంప్లిఫయర్ తోడవుతుంది. పీకింగ్ ట్రాన్సిస్టరు ముందే మేలుకుంటే దక్షత పోతుంది, ఆలస్యంగా మేలుకుంటే సిగ్నల్ చెడుతుంది. దాని గేటు బయాస్‌ను క్లాస్ సి వైపు కొంచెం కొంచెంగా జరుపుతూ 6 డెసిబెళ్ల దగ్గర కరెంటు ఎక్కడ కనిష్ఠమవుతుందో చూడాలి. అప్పటికీ కుదరకపోతే ఆ రెండు యాంప్లిఫయర్లను కలిపే పావు తరంగదైర్ఘ్యపు లైను పొడవును, రెండు దారుల ఫేజ్‌ను సరిచూడాలి. ఆ లైను ఒక్క బ్యాండుకే సరిపోతుంది కాబట్టి అనేక బ్యాండ్ల హెచ్‌ఎఫ్ సెట్టుకు డోహర్టీని నేను సూచించను, అక్కడ సప్లై వోల్టేజీని మార్చడమే మేలు.