ఇంట్లోనే ఇంగ్లీషు – 9వ పాఠం: దీన్ని ఏది తినేసింది?

పోయిన పాఠంలో కొత్త వస్తువుల గురించి చెప్పుకున్నాం. అది తేలిక. వస్తువు పాతబడ్డాకే మనకు మాట తడుముకోవాల్సి వస్తుంది. ‘ఓల్డ్’, ‘డ్యామేజ్’ అనే రెండు మాటలతోనే బండి లాగించేస్తాం. లేదంటే తప్పు మాట వేస్తాం. నా దగ్గర చదువుకునే ఒక అబ్బాయి బండి టైరు అరిగిపోయిందని చెప్పబోయి, ‘మై టైర్ ఈజ్ రాటన్’ అన్నాడు. నేను నవ్వలేదు. ఆ వయసులో హవాయి చెప్పుల గురించి నేనూ అదే మాట అన్నాను. రాటన్ అంటే కుళ్ళింది, పుచ్చింది. టమోటా కుళ్ళుతుంది, దూలం పుచ్చుతుంది. టైరు అరుగుతుంది. అప్పుడది ‘వోర్న్ అవుట్’. పూర్తిగా నున్నగా అయిపోతే ‘బాల్డ్ టైర్’, అంటే బట్టతల టైరు. వాడకం వల్ల కాకుండా ఎండకు రబ్బరు పెళుసై బీటలు తీస్తే బ్రిటిష్ ఇంగ్లీషులో దాన్ని ‘పెరిష్డ్’ అంటారు. మన కర్నూలు ఎండలకు ఈ మాట బాగా పనికొస్తుంది.

కాబట్టి ఇంగ్లీషు వెతుక్కునే ముందు తెలుగులో ఒక ప్రశ్న వేసుకోండి: దీన్ని ఏది తినేసింది? వాడకమా, నీళ్ళా, పురుగా, పట్టించుకోకపోవడమా? జవాబు దొరికితే సగం మాట దొరికినట్టే.

నాకు ఈ సంగతి ఒక ట్రంకు పెట్టె ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. 2009 అక్టోబరులో వరద నీళ్ళు కర్నూలు పాతబస్తీలోకి వచ్చినప్పుడు మా పెద్దమ్మ వాళ్ళ పెట్టె రోజుల తరబడి బురదలో ఉండిపోయింది. గడియ తుప్పు పట్టి రాలేదు, సుత్తితో కొట్టి తెరిచాం. ఆ గడియ ‘రస్టీ’. లోపల ఇత్తడి చెంబు మెరుపు పోయి నల్లబడింది. దాన్ని రస్టీ అనకూడదు, ‘టార్నిష్డ్’ అనాలి. తుప్పు అనేది ఇనుముకే. ఏ లోహాన్నైనా తడో రసాయనమో తినేస్తే ‘కరోడెడ్’ అనొచ్చు. బండి బ్యాటరీ కొనల దగ్గర తెల్లగా పొడి కడుతుంది చూడండి, మెకానిక్ గీకేస్తుంటాడు, అది ఇదే.

చెంబు కింద పెద్దమ్మ పెళ్ళి చీర. ధర్మవరం పట్టు. మడత విప్పబోతే వేలు పెట్టిన చోటల్లా ఊడి వచ్చింది. ‘చివికిపోయిందిరా’ అని పెద్దమ్మ మడత మళ్ళీ మూసేసింది. ఈ ‘చివికిపోవడం’ అనే మాటకు సరిగ్గా తూగే ఒక్క ఇంగ్లీషు మాట నాకు ఇప్పటికీ దొరకలేదు. వాక్యంగా చెప్పుకోవాలి: ‘ది సారీ హాడ్ రాటెడ్, ఇట్ కేమ్ అపార్ట్ ఇన్ మై హ్యాండ్స్.’ బట్ట తడికి పాడైంది కాబట్టి ఇక్కడ రాట్ చెల్లుతుంది. అదే రోజూ కట్టి కట్టి పలచబడ్డ చీరకు మాత్రం చెల్లదు, అది ‘థ్రెడ్‌బేర్’. నూలుపోగులు బయటపడేంత అరిగిందని అర్థం. అంచుల్లో పీచులు లేస్తే ‘ఫ్రేడ్’. చొక్కా కాలరుకు, ఫోన్ చార్జర్ వైరుకు ఇదే మాట. చింపిరి గుడ్డలైతే ‘టాటర్డ్’. కంబళికి పురుగు పట్టి చిల్లులు పడితే ‘మాత్-ఈటన్’. పేరు రెక్కల పురుగుదే గానీ, ఉన్ని తినేది దాని పిల్ల పురుగు.

తిండి సంగతి త్వరగా ముగిద్దాం. ఊరగాయకు బూజు పడితే ‘మోల్డీ’. శెనక్కాయ నూనె కనరు వాసన వస్తే ‘రాన్సిడ్’. నిన్నటి బ్రెడ్డు గట్టిపడితే ‘స్టేల్’. సద్దన్నాన్ని మాత్రం ‘స్టేల్ రైస్’ అనకండి. కావాలని పులియబెట్టి తినేదాన్ని పాడైందనడం అన్యాయం. ‘ఫర్మెంటెడ్ రైస్’ అనండి.

ఇక ఇల్లు. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోక గోడలు ఒరిగి, పెచ్చులూడి, పాడుబడ్డ మిద్దెను ‘డిలాపిడేటెడ్’ అంటారు. ‘లా’ మీద ఒత్తి పలకండి. దీని మూలంలో లాటిన్ ‘లాపిస్’ ఉంది, అంటే రాయి. బండలతో కట్టిన ఇళ్ళ ఊళ్ళో ఉంటాం కాబట్టి మనకు గుర్తుండిపోవాలి. ఈ మాట కట్టడాలకు వాడేది, చొక్కాకో చెప్పులకో తగిలించొద్దు. కొండారెడ్డి బురుజును డిలాపిడేటెడ్ అంటే నేనొప్పుకోను. ఎండకు, వానకు రాయి రంగు మారిందే తప్ప నిటారుగా నిలబడే ఉంది. దానికి ‘వెదర్డ్’ సరిపోతుంది. గండికోట లోపల కూలిపోయిన కట్టడాలైతే ‘రూయిన్స్’. ఊగిపోయే బల్ల, కిర్రుమనే మంచం ‘రికెటీ’. ఎముకలు మెత్తబడి పిల్లల కాళ్ళు వంకరపోయే రికెట్స్ జబ్బు నుంచి వచ్చిన మాట ఇది. కాళ్ళలో బలం లేని బల్ల అనుకుంటే చాలు.

వ్యాకరణం ఒక్క ముక్క. వేర్, వోర్, వోర్న్. బట్ట తొడుక్కోవడానికీ అరగడానికీ ఇదే క్రియ. తొడిగితే అరగదా మరి! ‘వేర్ అండ్ టేర్’లో రెండోదాన్ని ‘టియర్’ అని పలికితే కన్నీరు అయిపోతుంది, జాగ్రత్త. మనిషిని ‘వోర్న్ అవుట్’ అంటే బాగా అలిసిపోయాడని.

ఇంటిపని: మీ ఇంట్లో పాతబడ్డ వస్తువులు ఐదు ఎంచుకోండి. ముందు మీ అమ్మో అవ్వో వాటి గురించి ఏమంటారో, వాళ్ళ మాటల్లోనే రాయండి. దాని పక్కన ఇంగ్లీషు వాక్యం రాయండి. ఓల్డ్, డ్యామేజ్ వాడకూడదు. ఐదోది మీ ఫోను. చార్జర్ వైరు పీచులు లేచింది, బ్యాటరీ పూట కూడా నిలవడం లేదు, తెర మీద గీతలు పడ్డాయి. మొదటి రెండింటికీ మాటలు ఈ పాఠంలోనే ఉన్నాయి. మూడోది వచ్చే పాఠంలో, పగుళ్ళూ సొట్టల దగ్గర చూద్దాం.