కూరగాయల కత్తి కాదు, షెఫ్ నైఫ్ కొనేటప్పుడు

షెఫ్ నైఫ్ అంటే వంటింట్లో చాలా కోతలకి పనికొచ్చే వెడల్పాటి పెద్ద కత్తి. చెన్నైలో ఉండేవాళ్ళైతే ఆన్‌లైన్‌లో ఫోటో చూసి ఆర్డర్ పెట్టేయకండి, ప్యారిస్ కార్నర్ వైపు గిన్నెల షాపులకి వెళ్ళి చేత్తో పట్టుకుని చూడండి. బ్లేడు పొడవు 8 అంగుళాలు, అంటే 20 సెంటీమీటర్లు చాలు, కిచెన్ ప్లాట్‌ఫామ్ మరీ ఇరుకైతే 6 కూడా ఓకే.

అసలు చూడాల్సింది పట్టు. బొటనవేలు, చూపుడువేలు బ్లేడు మొదట్లో రెండు వైపులా పెట్టి మిగతా మూడు వేళ్ళు పిడి చుట్టూ వేయండి, బోర్డు మీద ఉల్లిపాయ కోస్తున్నట్టు ఆడించండి, వేలి కణుపులు కింద బల్లకి తగిలాయంటే బ్లేడు వెడల్పు సరిపోలేదన్నమాట, పక్కన పెట్టేయండి. షాపువాడు ఎలాగూ విసుక్కుంటాడు, పట్టించుకోకండి.

కార్బన్ స్టీల్‌కి పదును బాగా వస్తుంది కానీ ఈ సముద్రపు గాలికి, చింతపండు పులుపుకి తుడవకుండా వదిలేస్తే తుప్పే, అందుకే మనలాంటోళ్ళకి స్టెయిన్‌లెస్సే నయం. జపాన్ కత్తులు చాలావరకు గట్టి స్టీలు, పదును నిలుస్తుంది గానీ ఆవకాయ టెంక మీద వేశారో అంచు పెచ్చులూడుతుంది, దానికి కత్తిపీటో మామిడికాయ కత్తో వాడుకోండి.

గాజు బోర్డు మాత్రం వద్దు, చెక్కదే కొనండి.