బిజినెస్ కర్సివ్‌లో అక్షరాల కొలతలు కుదుర్చుకోవడం ఎలా?

కర్సివ్ (ఇంగ్లిష్ అక్షరాలు కలిపి రాసే) దస్తూరి కుదరాలంటే ముందు ఇంగ్లిష్ చిన్న ‘ఐ’ ఎత్తు ఎంతో ఖాయం చేసుకోండి. మిగతా అక్షరాలకు అదే కొలమానం. 19వ శతాబ్దంలో అమెరికాలో దస్తూరి గురువు స్పెన్సర్ నేర్పిన రాతలో ఈ లెక్కే ఉంది. తర్వాత పామర్ లాంటివాళ్లు ఆఫీసు పనికి తగ్గట్టు, సాదాగా, వేగంగా సాగే బిజినెస్ రాతను నేర్పారు.

1. గీతలు కొట్టుకోండి. నేర్చుకునేటప్పుడు ‘ఐ’ ఎత్తు 3 మి.మీ. ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. అక్షరాలు కూర్చునే గీత కొట్టి, దానిపైన 3, 6, 9 మి.మీ. దగ్గర, కింద 6 మి.మీ. దగ్గర పెన్సిల్‌తో సన్నని గీతలు వేయండి. తర్వాతి వరుసకు కాస్త జాగా వదలండి, లేకపోతే పై వరుస తోకలు కింది వరుస తలలకు తగులుతాయి.

2. వాలు గీతలు వేయండి. కోణమానిని అక్కర్లేదు. కూర్చునే గీత మీద ఒక చుక్క పెట్టి, కుడికి 7 సెం.మీ., అక్కడి నుంచి నిట్టనిలువుగా పైకి 9 సెం.మీ. కొలిచి, మొదటి చుక్కనూ ఆ పై చివరనూ కలపండి. దాదాపు 52 డిగ్రీల వాలు వస్తుంది. స్పెన్సర్ పద్ధతి వాలు ఇదే. ఇంతకంటే కొంచెం నిటారుగా రాసినా తప్పు లేదు, పేజీ అంతా ఒకేలా ఉంటే చాలు.

3. ఎత్తులు గుర్తుపెట్టుకోండి. ‘ఎ’, ‘ఇ’, ‘ఎన్’, ‘ఓ’ లాంటివి ఒక వంతు, అంటే ‘ఐ’ ఎత్తు. ‘ఆర్’, ‘ఎస్’ తలలు 3 మి.మీ. గీత దాటి పావు వంతు పైకి వస్తాయి. ‘టి’, ‘డి’ రెండు వంతులు. ‘ఎల్’, ‘హెచ్’, ‘బి’, ‘కె’, పెద్దక్షరాలు మూడు. ‘జి’, ‘వై’ తోకలు కిందికి రెండు.

ఎక్కువమంది తడబడేది ‘టి’ దగ్గరే. ‘లిటిల్’ అనే ఇంగ్లిష్ మాట రాసి చూడండి. వరుసగా ఎత్తులు 3, 1, 2, 2, 3, 1 రావాలి. ‘టి’లు రెండూ ‘ఎల్’లంత పొడుగ్గా లేస్తే, అడ్డగీత పెట్టేదాకా ఏది ఏ అక్షరమో తెలియదు. ఈ ఒక్క మాట రోజూ ఒక పేజీ రాస్తే మూడు ఎత్తులూ చేతికి అలవాటవుతాయి.

4. మెల్లగా బొమ్మ గీసినట్టు రాయకండి. మోచేతికి కింద ఉండే కండ బల్ల మీద ఆనించి, చేయి మొత్తం కదిలేలా రాయండి. వేళ్లతోనే లాగితే గీత వణుకుతుంది, చేయి త్వరగా నొప్పి పుడుతుంది.

5. సరిచూసుకోండి. ‘మినిమమ్’ అని రాసి, పైనుంచి కిందికి దిగిన ప్రతి గీత మీదుగా స్కేలు పెట్టి పొడిగించండి. ఎక్కడ గీతలు దగ్గరపడ్డాయో, ఏది పక్కకు ఒరిగిందో ఇట్టే కనిపిస్తుంది. తప్పు వచ్చిన జత అక్షరాలనే మళ్లీ రాయండి, మాటంతా అక్కర్లేదు.

6. గీతలు ఒక్కొక్కటిగా తీసేయండి. ముందు 9 మి.మీ. గీత, కింది గీత, తర్వాత 6 మి.మీ. గీత, ఆ తర్వాత వాలు గీతలు. ‘ఐ’ తలగీత (3 మి.మీ. గీత) మాత్రం చివరిదాకా ఉంచండి. అది కూడా తీసేశాక ఎత్తులు మారుతుంటే, ఓ వారం పాటు మళ్లీ వేసుకోండి.