ముందు వేళ్లకు నేర్పండి: చూపు లేనివాళ్ల చేతిలో ఫోన్, కంప్యూటర్

మాది కోవూరు. నాకు చిన్నప్పటి నుంచి రేచీకటి. పొద్దుగూకితే గడప తడుముకుంటూ లోపలికి వచ్చేవాణ్ణి. రెటినైటిస్ పిగ్మెంటోసా అని డాక్టర్లు పేరు చెప్పారు, మందు లేదని కూడా చెప్పారు. రైస్ మిల్లులో గుమాస్తాగా ఉండగా, ముప్పై నాలుగో ఏట చిట్టా పుస్తకంలో గీతలు కనిపించడం మానేశాయి. ఇంకో మూడేళ్లకు కిటికీ ఎటు ఉందో తెలిసేంత వెలుతురే మిగిలింది. అదే మిల్లులో ఇప్పటికీ లెక్కలు నేనే రాస్తున్నాను, కంప్యూటర్ మీద. ఆదివారం పొద్దున మా వరండాలో, చూపు కొత్తగా పోయినవాళ్లకు ఫోన్ నేర్పుతాను.

వచ్చినవాళ్లు అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "అన్నా, చూపు లేనోళ్లకి మంచి యాప్ ఏంది?" యాప్‌ల సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ ఫోన్ చేత మాట్లాడిద్దాం అంటాను. అందుకు కావలసింది ఫోన్ కొన్నప్పుడే దాంట్లో ఉంది. ఆండ్రాయిడ్‌లో దాని పేరు టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్ఓవర్. పైసా కట్టక్కర్లేదు.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాక్సెసిబిలిటీ తెరవండి. అక్కడ టాక్‌బ్యాక్ ఉంటుంది. దానికి షార్ట్‌కట్ కూడా అక్కడే ఆన్ చేసి పెట్టండి. ఆ తర్వాత సౌండ్ పెంచే, తగ్గించే బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే టాక్‌బ్యాక్ మొదలవుతుంది, మళ్లీ అలాగే పట్టుకుంటే ఆగుతుంది. ఇంట్లో చూపున్నవాళ్లు ఈ రెండు బటన్ల సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. తెలియకుండా టాక్‌బ్యాక్ ఆన్ చేసి, ఫోన్ పాడైందని షాపుకు పరిగెత్తినవాళ్లు చాలామంది.

వెంటనే చేయాల్సిన ఇంకో పని ఉంది. రాతను చదివి వినిపించే టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్‌లో గూగుల్ ఇంజిన్‌ను ఎంచుకుని, తెలుగు గొంతును డౌన్‌లోడ్ చేయండి. వేగం బాగా తగ్గించండి. నా ఫోన్ ఇప్పుడు మాట్లాడే వేగం మా ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాదు. కానీ మొదటి వారంలో అది నింపాదిగా మాట్లాడితేనే మనసు నిలుస్తుంది. ఇంగ్లీషు గొంతుతో మొదలుపెట్టి, "నాకు చదువు రాదు, నావల్ల కాదు" అని ఫోన్ పక్కన పడేసిన పెద్దవాళ్లను చూశాను. అందుకే తెలుగు గొంతు పెట్టకుండా నేను పాఠం మొదలుపెట్టను.

టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంటే ఫోన్ తీరు మారిపోతుంది. ఒకసారి తాకితే అది తెరవదు, వేలి కింద ఏముందో పేరు చెబుతుంది. తెరవాలంటే రెండుసార్లు తట్టాలి. వేలిని కుడికి తోస్తే తర్వాతిది, ఎడమకు తోస్తే వెనకటిది చెబుతుంది. పేజీ జరగాలంటే రెండు వేళ్లతో తోయాలి. కిందికి తోసి, వేలు ఎత్తకుండా ఎడమకు మళ్లిస్తే వెనక్కి వస్తుంది. ఫోన్ మోగితే రెండు వేళ్లతో రెండుసార్లు తట్టి మాట్లాడొచ్చు, అలాగే పెట్టేయొచ్చు. మొదటి మూడు రోజులు ఇంతకు మించి వద్దు. టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లోనే సాధన చేసుకునే ట్యుటోరియల్ ఉంది, రోజూ పావుగంట అందులో కూర్చోండి.

మా పెద్దమామ కథ చెబితే ఇది బాగా అర్థమవుతుంది. షుగర్‌తో చూపు పోయింది. ముప్పై ఏళ్లు మొలగొలుకుల వరి పండించిన రైతు. ఆయన చేతివేళ్లు గరుకు. తట్టమంటే గట్టిగా నొక్కేవాడు. ఫోన్ దాన్ని తట్టడం అనుకోక, నొక్కి పట్టుకోవడం అనుకునేది. పక్కనే కూర్చున్న మనవడు ఓపిక పట్టలేక "ఇట్టియ్ తాతా, నేను చేస్తా" అని ఫోన్ లాక్కునేవాడు. నాలుగోసారి లాక్కున్నప్పుడు మామ చేతులు ఒళ్లో పెట్టుకుని మాట్లాడకుండా కూర్చున్నాడు. మనవడిని బయటికి పంపి, మామ చెయ్యి తీసుకుని నా అరచేతి మీద పెట్టుకున్నాను. "మామా, వడ్లగింజ తాలో కాదో చూసేదానికి ఎట్ట తాకుతావో, అట్ట నా చేతి మీద రెండుసార్లు తట్టు" అన్నాను. తట్టాడు. తేలిగ్గా, టక టక. "ఇప్పుడు అదే ఫోన్ మీద" అన్నాను. వాట్సాప్ తెరుచుకుంది. ఆయనకు కావలసింది ఒకటే: రైతుల గ్రూపులో పుట్టి వడ్ల ధర ఎంత పలుకుతోందో చెప్పే వాయిస్ మెసేజ్. వారంలో అది తనంతట తాను వినడం వచ్చేసింది.

ఇంట్లోవాళ్లకు అందుకే చెబుతున్నాను. చూపు లేనివాళ్ల చేతిలోంచి ఫోన్ తీసుకోవద్దు. ఎంత ఆలస్యమైనా నోటితోనే చెప్పండి. "అక్కడ నొక్కు" అంటే మాకు అక్కడ అనేది లేదు. "పైన కుడి మూల" అనండి, "ఇంకో రెండుసార్లు కుడికి తోయి" అనండి. ఇంకా ముఖ్యం, ఆ మనిషికి ఏ పని లేక ప్రాణం కొట్టుకుంటోందో కనుక్కుని, మొదట అదే నేర్పండి. ఒకరికి కూతురికి ఫోన్ చేయడం, ఇంకొకరికి పొద్దున సుప్రభాతం.

టైపింగ్‌కు భయపడొద్దు. కీబోర్డు మీద వేలు ఆనించి నడిపిస్తుంటే అక్షరాలు చెబుతూ పోతుంది, కావలసిన అక్షరం దగ్గర వేలు ఎత్తితే పడుతుంది. బ్రెయిలీ వచ్చినవాళ్లకు టాక్‌బ్యాక్‌లోనే బ్రెయిలీ కీబోర్డు ఉంది. మిగతావాళ్లకు గూగుల్ కీబోర్డు జీబోర్డులో మైక్ నొక్కి తెలుగులో మాట్లాడటం సులువు. అప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, లేకపోతే ఫోన్ మాటలు కూడా మైక్‌లోకి పోయి రాతలో కలుస్తాయి. పంపే ముందు ఒకసారి వినండి. కొన్ని యాప్‌లలో బటన్‌కు పేరు పెట్టరు, తాకితే పేరు లేని బటన్ అనే వినిపిస్తుంది. మూడు వేళ్లతో ఒకసారి తడితే వచ్చే టాక్‌బ్యాక్ మెనూలో అలాంటి బటన్‌కు మనమే పేరు పెట్టుకునే వీలుంది.

డబ్బు దగ్గర నేను కొంచెం కఠినంగా ఉంటాను. యూపీఐలో క్యూఆర్ కోడ్‌కు కెమెరా సరిగ్గా చూపడం మనకు కష్టం, అంగడివాళ్ల ఫోన్ నంబర్ అడిగి దానికే పంపండి. పేరు వినపడే దాకా ముందుకు పోవద్దు. మొత్తం అంకెను రెండుసార్లు వినండి. పిన్ కొట్టేటప్పుడు ఇయర్‌ఫోన్ ఉండాలి, ఎందుకంటే ఏ అంకె మీద వేలుందో ఫోన్ పైకి చెప్పేయొచ్చు. టాక్‌బ్యాక్ మెనూలో స్క్రీన్ కనపడకుండా చేసే వీలుంది, ఫోన్ పని చేస్తూనే ఉంటుంది, పక్కవాళ్లకు మాత్రం నల్లగా కనిపిస్తుంది. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. ఎవరైనా అడిగితే అది మోసమే. పిన్ కట్టుకున్న భార్యకైనా చెప్పి కొట్టించుకోవద్దని నా మాట. అనుమానంతో చెప్పడం లేదు, మన డబ్బు మన చేతుల మీదుగా కదిలితే వచ్చే ధైర్యం వేరు.

నోట్లకు రిజర్వ్ బ్యాంకు 2020 జనవరి 1న మణి అనే యాప్ తెచ్చింది. కెమెరా ముందు నోటు పెడితే ఎంతదో చెబుతుంది, నెట్ లేకపోయినా పని చేస్తుంది. దొంగనోటు అవునో కాదో మాత్రం చెప్పదు. అయినా కూరగాయల బండి దగ్గర ప్రతిసారీ ఫోన్ తీయలేం కదా, అందుకని వేళ్లు కూడా నేర్చుకోవాలి. ఇప్పటి నోట్లలో పది రూపాయలది 123 మిల్లీమీటర్ల పొడవు, ఇరవైది 129, యాభైది 135, వందది 142, రెండు వందలది 146, అయిదు వందలది 150. వంద మీద త్రికోణం, అయిదు వందల మీద గుండ్రని గుర్తు ఉబ్బెత్తుగా ఉంటాయి. నలిగిన నోటు మీద అవి అరిగిపోతాయి. నేను ఇంటికి రాగానే మణితో చూసుకుని, అయిదు వందలు నిలువునా, రెండు వందలు అడ్డంగా మడిచి, వందలు మడవకుండా పెట్టుకుంటాను.

చదివి చెప్పే యాప్‌లు చాలా ఉన్నాయి. గూగుల్ లుకౌట్, మైక్రోసాఫ్ట్ సీయింగ్ ఏఐ, బీ మై ఐస్, మూడూ ఉచితమే. సీయింగ్ ఏఐ మొదట ఐఫోన్‌కే ఉండేది, 2023 డిసెంబరులో ఆండ్రాయిడ్‌కు వచ్చింది. నాకు ఇష్టమైంది బీ మై ఐస్. 2015లో డెన్మార్క్‌లో హాన్స్ యోర్గెన్ వీబెర్గ్ అనే ఆయన మొదలుపెట్టాడు, ఆయనకూ చూపు తక్కువే. అందులో బటన్ నొక్కితే చూపున్న వలంటీర్ ఎవరో ఒకరు వీడియో కాల్‌లోకి వస్తారు. సెట్టింగ్స్‌లో మీ భాష తెలుగు అని పెట్టుకోండి. ఫొటో తీస్తే కృత్రిమ మేధ వివరించే సౌకర్యం అందులోనే 2023లో చేరింది. చీర రంగు, ఉత్తరం ఎవరిది, ఫ్రిజ్‌లో ఏముంది, ఇలాంటివాటికి అది బాగుంటుంది.

మాత్రల దగ్గర దాన్ని నమ్మొద్దు. షీటు వెనక మెరుస్తుంది, అక్షరం ఒకటి తప్పు చదివినా మందే మారిపోతుంది. మెడికల్ షాపులో షీటు కోసేటప్పుడు పేరు, తేదీ ఉన్న పక్క మనకే వచ్చేలా కోయమని అడగండి. అక్కడే పేరు చెప్పించుకుని, పొద్దున వేసుకునేదానికి ఒక రబ్బరు బ్యాండు, రాత్రిదానికి రెండు వేయండి. యాప్‌తో చూసుకున్నా, మనిషితో ఒకసారి ఖాయం చేసుకోండి. రోడ్డు దాటడానికి కూడా ఏ యాప్‌నూ నమ్మొద్దు, కర్రే నమ్మకం. నడిచేటప్పుడు రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్ ఉండకూడదు.

రైలుకు వేర్ ఈజ్ మై ట్రైన్ వాడతాను. సెల్ టవర్లను బట్టి బండి ఎక్కడుందో చెబుతుంది. కావలిలో మా అక్క ఇంటి నుంచి ప్యాసింజర్‌లో వస్తూ, కొడవలూరు అని వినగానే సంచి, కర్ర చేతిలోకి తీసుకుంటాను. తర్వాతది మా కోవూరుకు దిగే పడుగుపాడు. బండి కింద చప్పుడు బోలుగా మారిందంటే పెన్నా బ్రిడ్జి ఎక్కేశాం, ఊరు దాటిపోయినట్టే. యాప్ పట్టుకున్న తర్వాత నాకు ఆ చప్పుడు నెల్లూరు పోయినప్పుడే వినిపిస్తోంది.

కంప్యూటర్‌ మాట్లాడటానికి ఎన్‌వీడీఏ పెట్టుకోండి. మైకేల్ కరన్ అనే చూపు లేని ఆస్ట్రేలియా కుర్రాడు 2006లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది, చూపు లేని జేమ్స్ టే తర్వాత జత కలిశాడు. ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేరే కంప్యూటర్‌లోనూ వాడొచ్చు. అది ఎక్కించే దాకా విండోస్‌లో ఉండే నెరేటర్ పనికొస్తుంది, విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే చాలు. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ గొంతుల్లో తెలుగు ఉంది. మొదట మరమనిషి మాట్లాడినట్టు ఉంటుంది, పదిహేను రోజుల్లో చెవికి అలవాటవుతుంది.

మౌస్ పక్కన పెట్టేయండి. కీబోర్డులో ఎఫ్, జే మీద చిన్న గీతలు చేతికి తగులుతాయి, చూపుడువేళ్లు అక్కడ ఆనాలి. ఇన్సర్ట్ పట్టుకుని ఒకటి నొక్కితే, ఆ తర్వాత ఏ కీ నొక్కినా దాని పేరు మాత్రమే చెబుతుంది, ఏ పనీ జరగదు. కొత్తవాళ్లను గంటల తరబడి అందులోనే వదిలేస్తాను. వెబ్ పేజీలో హెచ్ నొక్కితే శీర్షికల మీద, కే నొక్కితే లింకుల మీద, బీ నొక్కితే బటన్ల మీద దూకుతుంది. ఇన్సర్ట్, కింది బాణం కలిపితే చదువుకుంటూ పోతుంది, కంట్రోల్ నొక్కితే ఆగుతుంది. మిల్లులో నా పని ఎక్సెల్. లారీ నంబర్, బస్తాలు, తూకం, ధర. మొదటి గడిలో ఉండి ఇన్సర్ట్, షిఫ్ట్, సీ నొక్కి ఆ వరసను శీర్షికగా పెట్టుకుంటే, అడ్డంగా జరిగిన ప్రతిసారీ "తూకం", "ధర" అని ముందు చెప్పి తర్వాత అంకె చెబుతుంది. ఇది తెలియక ఆరు నెలలు గడులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

చూపున్నవాళ్లను ఒకటి అడుగుతున్నాను. నోటీసు ఫొటో తీసి పంపితే మాకు "ఫొటో" అనే వినపడుతుంది, కింద రెండు ముక్కలు టైప్ చేయండి. పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు పీడీఎఫ్‌లు అర్థం లేని అక్షరాలుగా వినిపిస్తాయి. ఫోన్‌లో మామూలుగా టైపయ్యే యూనికోడ్ తెలుగులో పంపండి. పుస్తకాలు కావలసినవాళ్లు 2016లో వచ్చిన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో సభ్యత్వం తీసుకోండి.

ఒకసారి బ్యాంకు ఖాతా కోసం ఫోన్‌లో వీడియో కేవైసీకి కూర్చున్నాను. కళ్లు ఆర్పమంది. ఆర్పాను. వృత్తంలో ముఖం పెట్టమంది. వృత్తం ఎక్కడుందో చెప్పలేదు. మూడుసార్లు చేసి వదిలేసి, ఆ రాత్రి అన్నం తినలేదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందరికీ అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పి, కేవైసీ పద్ధతులు మార్చమని 20 ఆదేశాలు ఇచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేని ఒకాయన వేసిన కేసులవి. మీకు ఇలాంటిది ఎదురైతే ఆ తీర్పు తేదీ చెప్పి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఒక్కోసారి ఫోన్ ఉన్నట్టుండి మూగబోతుంది. టెన్షన్ పడొద్దు. ముందు సౌండ్ పెంచి చూడండి. అప్పటికీ మాట్లాడకపోతే రెండు సౌండ్ బటన్లూ పట్టుకుని ఆపి, మళ్లీ పట్టుకుని మొదలుపెట్టండి. మొన్న రాత్రి పదకొండింటికి మామ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఏమైందోనని లేచి కూర్చున్నాను. "నోరు పడిపోయింది రా దీనికి. రెండు బటన్లు నొక్కి పట్టుకున్నా. మాట్లాడతా ఉంది" అన్నాడు.